సుగుణ టీచర్ చేతిలో మైకు

కరోనా తగ్గి బళ్ళు పూర్తిగా తెరుచుకున్న ఏడాది. మస్కట్‌లోని ఒక భారతీయ పాఠశాలలో సిబ్బంది వ్యవహారాలు చూసేవాణ్ణి. ఇప్పటికీ అదే కుర్చీ. టీచర్ల నియామకాలు, సెలవులు, వీసాలు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి.

మా ఊళ్ళో ఇంటిపన్నుతో పాటు బడి కోసమని కొంత వసూలు చేసేవారు. మా నాన్న సణుక్కుంటూనే కట్టేవాడు. ఇక్కడ ఇంటిపన్ను లేదు, సర్కారు నుంచి మా బడికి పైసా రాదు. పిల్లల ఫీజులే ఆధారం. టీచరు జీతం పెరగాలంటే ఫీజు పెరగాలి. సణుగుడు ఇక్కడా ఉంది, కాకపోతే మైకులో వినిపిస్తుంది.

మా దగ్గర టీచర్లు రెండు రకాలు. ఇండియా నుంచి స్కూలు వీసా మీద వచ్చినవాళ్ళకి ఇంటి అద్దె, విమానం టిక్కెట్టు ఇస్తాం. భర్త వీసా మీద ఇక్కడుంటూ ఉద్యోగంలో చేరినవాళ్ళని ‘లోకల్ హైర్’ అంటాం. అదే పాఠం, అవే పీరియడ్లు, జీతం మాత్రం సగానికి కాస్త పైన. ఏటా మార్చిలో కాంట్రాక్టు అయిపోతుంది, ఏప్రిల్లో కొత్తది ఇస్తాం. పదో తరగతికి లెక్కలు చెప్పే సుగుణ టీచర్ పద్దెనిమిదేళ్ళుగా ఇలాగే ఏటేటా సంతకం పెడుతూ వచ్చిన మనిషి. రాజమండ్రి ఆవిడ. పర్మినెంటు అన్న మాట మా బడిలో గోడలకే వర్తిస్తుంది.

ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత ఆవిడ నా గదికి వచ్చింది.

“మా ఆయనకి కంపెనీ వాళ్ళు నోటీసిచ్చేశారండీ. ఆయన పోస్టు ఒమానీ కుర్రాడికి ఇస్తున్నారంట.”

ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడి పిల్లలకి ఇవ్వాలన్న చట్టం. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలు, తప్పు పట్టడానికి లేదు.

“మార్చి దాకా వీసాలు ఉంటాయండీ. తర్వాత ముగ్గురం వెళ్ళిపోవాలి. స్కూలు వీసా ఇప్పించగలరేమో చూడండి సార్. ఆయన ఊరెళ్ళి ఏదోటి చూసుకుంటారు. మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది కదా, నా వీసా మీద ఉండి పది ఇక్కడే రాసేస్తుంది.”

మేనేజ్‌మెంట్ కమిటీకి రాశాను. కమిటీలో ఉండేదీ తల్లిదండ్రులే, మిగతా తల్లిదండ్రులు ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళు. ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారని ముందు నసిగారు. చివరికి కొన్ని పోస్టులను స్కూలు వీసా కిందికి మారుద్దామని, మొదటిది సుగుణ టీచర్‌కేనని తేల్చారు. జీతం పాతదే, అద్దె, టిక్కెట్ల ఖర్చుకి ఫీజు కొద్దిగా పెంచాలి. దానికి ఓపెన్ ఫోరం ఒప్పుకోవాలి. తల్లిదండ్రులంతా ఏడాదికోసారి కూర్చునే సభ అది.

ఆ సభలో ప్రశ్నలడిగేవాళ్ళ దగ్గరికి మైకు తీసుకెళ్ళే డ్యూటీ ఎప్పుడూ లోకల్ హైర్ టీచర్లకే పడుతుంది. ఆ రోజు హాల్లో ఎడమవైపు మైకు సుగుణ టీచర్‌ది. వ్యక్తుల పేర్లు సభలో ఎత్తకూడదన్నది మా నియమం, అందుకని తెర మీద ‘సిబ్బంది ఖర్చు’ అని మాత్రమే వేశారు. ఆ ఖర్చు చీర కట్టుకుని మైకు పట్టుకుని నిలబడి ఉందని హాల్లో ఆవిడకీ, నాకూ, కమిటీకీ తప్ప ఎవరికీ తెలియదు.

ముందుగా లేచింది రాజిరెడ్డి. కరీంనగర్ మనిషి, రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్. ముగ్గురు పిల్లలూ మా బడిలోనే, పెద్దమ్మాయి సుగుణ టీచర్ క్లాసులోనే. అందరికీ అర్థం కావాలని హిందీలో మాట్లాడాడు. కరోనాలో కోసిన జీతం కంపెనీ ఇంతవరకు మళ్ళీ కలపలేదన్నాడు. బస్సు ఫీజు పెంచారు, ఊరుకున్నాం, ఇంక మా వల్ల కాదన్నాడు. మధ్యలో మైకు ఆగిపోయింది. సుగుణ టీచర్ దాన్ని తీసుకుని, బ్యాటరీ సరిచేసి, మళ్ళీ ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన “థాంక్యూ మేడమ్” అని మిగతాది కూడా చెప్పేశాడు. హాలంతా చప్పట్లు.

ఫీజు పెంపుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. లేచినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కూతురు మా బడిలోనే చదువుతోంది కాబట్టి సుగుణ టీచర్‌కీ హక్కుంది. ఆవిడ చెయ్యి లేవలేదు.

కుర్చీలు సర్దేటప్పుడు అడిగాను. “మీరైనా ఎత్తాల్సింది కదమ్మా?”

“ఆ ఫీజు పెరిగితే నేను కట్టగలనా సార్? ఇప్పుడింక ఇంట్లో జీతం నాదొక్కటే కదండీ. రాజిరెడ్డి గారు అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.”

ఆవిడ మైకు బ్యాటరీలు తీసి డబ్బాలో పెట్టి ఇంటికి వెళ్ళింది.

ఫిబ్రవరిలో రాజిరెడ్డి ఆదరాబాదరా వచ్చాడు. “గదేంది సార్, సుగుణ టీచర్ పోతుందట? మా చిన్నపిల్లలకు గూడ ఆమెనే చెప్తదనుకున్న.” ఇంక దాచడం ఎందుకని ఉన్నదంతా చెప్పాను.

“గా ముచ్చట ఆ రోజు జెర నా చెవిల ఏస్తే అయిపోవు గద సార్.” మళ్ళీ తనే అన్నాడు. “ఏసినా గదే మాట అందును. ఏం జెయ్యాలె?” టీ తెప్పించినా తాగకుండా వెళ్ళిపోయాడు.

మార్చి చివర్లో సుగుణ టీచర్ ఐడీ కార్డు నా బల్ల మీద పెట్టింది. “కొత్తగా వచ్చేవాళ్ళకి జామెట్రీ ముందే మొదలెట్టమని చెప్పండి సార్. చివర్లో పెడితే పిల్లలు బెంబేలెత్తిపోతారు.” నాకు ఏడుపొచ్చింది, ఫైలు వెతుకుతున్నట్టు బీరువా వైపు తిరిగాను.

ఈ కేసు నాకు నేర్పింది ధైర్యమిచ్చే పాఠమేమీ కాదు. చెడ్డవాడు ఒక్కడూ లేకుండానే అన్యాయం జరిగిపోతుంది, ఎవరి మీద కోప్పడాలో తెలియక మనం మన పని చేసుకుంటూ పోతాం. నేనూ అదే చేశాను. ఆ పోస్టుకి భర్త వీసా మీద ఉన్నవాళ్ళనే పిలవమని కమిటీ చెప్పింది, పిలిచాను.

మొదట వచ్చినవాళ్ళలో రాజిరెడ్డి ఉన్నాడు, పక్కన భార్య. ఎమ్మెస్సీ లెక్కలు, బీఎడ్. “జీతం ఎంతన్న గానీ సార్,” అన్నాడు నా మొహం చూడకుండా. “పిల్లల ఫీజులకు ఆసర అయితది.”

లోకల్ హైర్ వాళ్ళని మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆమెని అడిగాను. “మీ వీసా ఎవరి మీద ఉందమ్మా?”

“మా ఆయన మీదనే సార్,” అంది నవ్వుతూ.

ఏప్రిల్ ఒకటి నుంచి రమ్మన్నాను.