మెడ దగ్గర గీత

రంగులక్క ముప్పై ఏళ్లుగా బట్టల షాపుల బొమ్మలకు ముఖాలు దిద్దుతోంది. ఈమధ్య షాపులవాళ్లు తలల్లేని బొమ్మలు కొంటున్నారు. తలే లేనిచోట ముఖం దిద్దేదానికి పనేముంటుంది? కుంచెలు ఎండిపోతున్న రోజుల్లో పిల్లల ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

అక్కడ రిసెప్షన్‌లో కొత్తగా ఒక రోబోను కూర్చోబెట్టారు. అచ్చం మనిషే. పేరడుగుతుంది, నవ్వుతుంది, రెప్పలాడిస్తుంది. దాన్ని చూడగానే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. శనివారానికి ఏడుపులు ఆగకపోతే వెనక్కి పంపేస్తానంది పెద్ద డాక్టరమ్మ. ఆగితే నాలుగు వార్డుల్లో పెట్టబోయే రోబోల ముఖాలూ రంగులక్క చేతికే.

రోబోను తయారుచేసిన ఇంజనీరు అప్పటికే మూడుసార్లు మెరుగులు దిద్దాడు. చెంపలకు నూగు, పెదవుల మీద సన్నని ముడతలు. దిద్దినకొద్దీ ఏడుపు పెరిగింది. పెద్ద చదువుల జబ్బే అంత. మందు వికటిస్తే మోతాదు పెంచుతారు.

రంగులక్క రోబో మెడను వేలితో తడిమింది.

"అతుకేది బాబూ?"

"కనబడకుండా కప్పేశానండీ. దానికే రెండు నెలలు పట్టింది."

"కొంప ముంచావు."

పని నేర్చుకునే రోజుల్లో తనూ ఇదే తప్పు చేసింది. బొమ్మ మెడ అతుకును మైనంతో నున్నగా పూడ్చేసింది. ఒక పెద్దావిడ ఆ బొమ్మను "ఈ రంగులో ఇంకోటుందా అమ్మాయ్?" అని అడిగి, జవాబు రాక చెయ్యి పట్టుకుని, కెవ్వుమంది. మళ్లీ ఆ షాపు గడప తొక్కలేదు. పని నేర్పిన మేనమామ మొట్టికాయ వేసి మరీ చెప్పాడు: "బొమ్మనని బొమ్మే ఒప్పుకోవాలే. అప్పుడే మనిషి దగ్గరికొస్తాడు."

రంగులక్క నూగు గీకేసింది. ముడతలు పూడ్చింది. బుగ్గలకు గుండ్రటి చుక్కలు పెట్టి, మెడ చుట్టూ వేలెడు వెడల్పున ఎర్ర గీత లాగింది.

"నా కష్టమంతా మట్టిపాలు చేశారు కదండీ!" ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు.

"హమ్మయ్య, ఇక ఏడ్చేది నువ్వొక్కడివే."

శనివారం పొద్దున చేతికి కట్టుతో ఒక పాప వచ్చింది. తండ్రి కాళ్ల చాటు నుంచి తొంగిచూసింది. డాక్టరమ్మ, రంగులక్క పక్కనే నిలబడి చూస్తున్నారు. పాప మెల్లగా ముందుకొచ్చి, బల్ల ఎక్కి, ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"నీ తల ఊడొస్తుందా?"

"మీ పేరు చెప్పండి," అంది రోబో.

"ముందు నువ్వు చెప్పు!"

వరుసలో ఉన్న పిల్లలంతా పకపకా నవ్వారు.

"మిగతావి ఎప్పుడు మొదలుపెడతావు రంగులక్కా?" అంది డాక్టరమ్మ.

రంగులక్క సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పింది. నాలుగు మెడలకు సరిపడా ఎరుపు పొద్దున్నే కలుపుకొని వచ్చింది.