ఖాళీ పేజీ కింద సంతకాలు

తిరుపతిలో నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెబుతాను. ఏటా వాళ్ళను నెల రోజులు సత్యవేడు వైపు ఒక పల్లెకు తీసుకుపోతాం. ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తాం, చేతులు కడుక్కోమని చెబుతాం. దాన్ని సమాజసేవ అంటాం.

పోయినేడు ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి మా పిల్లల చేతికి ఒక రిజిస్టర్ ఇచ్చాడు. "ఎట్లాగూ ఇంటింటికీ పోతా ఉండారు గదా తల్లీ, గ్రామసభ సంతకాలు గూడా ఏపిచ్చుకొని రాండి."

సభలో ఏమనుకున్నారో రాయాల్సిన పేజీ పైభాగం ఖాళీగా ఉంది. ఒక అమ్మాయి నావైపు చూసింది. సాయం చేయండి అన్నది నేనే. ముసలివాళ్ళ బొటనవేళ్ళ సిరా తుడిచి మరీ వచ్చారు పిల్లలు.

ఆ ఊళ్ళో ఒక గర్భిణికి బీపీ ఎక్కువగా ఉంది. వారం వారం ఊరి ఆరోగ్య సబ్‌సెంటరులో చూపించుకోమన్నాం. అక్కడి నర్సు బదిలీ అయిపోయింది. కొత్త నర్సు వస్తుందన్నారు, నమ్మాం. ఆ గర్భిణి మా మాట వినింది. పోయిన ప్రతిసారీ తలుపుకు తాళమే. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చి, పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే ఆటోలోనే చనిపోయింది. మా పిల్లల వయసే.

పలకరించడానికి పోతే ఆమె అత్త నన్ను కూర్చోమనలేదు.

"నర్సు లేదని చెప్పేదానికి మండలాఫీసుకు పోతిమి. అంతా బాగుండాదని మీరే ఏలిముద్రలు ఏసినారంట గదా అన్నారు. మేమెప్పుడంటిమి? మీ పిల్లోళ్ళే గదమ్మా ఏపిచ్చుకొని పొయ్యింది."

రిజిస్టర్ అడిగి చూశాను. ఆ సంతకాల పైన, తర్వాత రాసిన వాక్యం: ఆరోగ్య సేవల పట్ల గ్రామస్థులు సంతృప్తి వ్యక్తం చేశారు.

కాలేజీలో చెబితే, "మనం నర్సులం. రాజకీయాలు మనకెందుకమ్మా?" అన్నారు. వేలిముద్రలు వేయించుకొచ్చిన రోజు ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఈ ఏడు కొత్త పిల్లలకు బీపీ కంటే ముందు గ్రామసభ గురించి చెప్పి, సభకు తీసుకుపోయాను.

"సూదులేసే పిల్లోళ్ళకు ఈడేం పని మేడమ్? ఫొటో దిగి పొండి," అని కార్యదర్శి నవ్వాడు.

వెనక నిలబడిన ఒక విద్యార్థిని ముందుకొచ్చింది. "ముందు రాయండి సార్. సదివి ఇనిపిచ్చినాక సంతకాలు."

చనిపోయినామె అత్త లేచింది. "నర్సు లేక నా కోడలు సచ్చిపాయ అని రాయప్పా."

"అట్లంతా రాయగూడదవ్వా."

"రాయగూడదని యాడ రాసుండాది? సూపీ."

ఆడవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. 'ఒక గర్భిణి' అని రాశాడు. అవ్వ ఒప్పుకోలేదు, కోడలి పేరు రాయించింది.

నర్సును ఇంకా వేయలేదు. వచ్చే సభ రోజునే కాలేజీవాళ్ళు మా పిల్లలకు పరీక్ష పెట్టారు. పరీక్ష తేదీ మార్చమని రాసి ఇచ్చాను. జవాబు రాలేదు.