ఎండుగడ్డి రంగు

జనగామ బస్టాండులో పక్కన కూర్చున్న మనిషి నా ముంజేతుల మీది నిప్పురవ్వల మచ్చలు చూసి, "అన్నా, నువ్వు గూడ కొలిమి మనిషివేనా?" అని అడిగాడు. అవునన్నాను. వెంటనే సంచిలోంచి తాను చేసిన కత్తి తీసి చేతికిచ్చాడు. ఎముక కొట్టినా అంచు విరగదట. నా కత్తులేమో నెల తిరక్కుండానే పెచ్చులూడి వెనక్కి వచ్చేవి.

"ఎట్ల జేసినవు తమ్మీ?"

"నీళ్లల్ల ముంచినంక మళ్ల జర సెగ చూపియ్యాలె. అంచు ఎండుగడ్డి రంగుకొస్తె ఆపాలె. మొగుళ్లపల్లి పెద్దయ్య నేర్పిండు."

ఆ పెద్దయ్యే నా గురువు. నాకు నీళ్లలో ముంచడం వరకే నేర్పాడు. కత్తి విరిగినప్పుడల్లా, "నీ చెయ్యిల లేదు బిడ్డా" అనేవాడు. నమ్మాను. సంఘంలో మోకరించి, ఈ చేతుల కోసం పాస్టరుగారితో ఎన్నోసార్లు ప్రార్థన చేయించుకున్నాను.

కత్తి చేసినతను నవ్వాడు. "నాకంటె ముందొకడుండెనట. వాని చెయ్యి మస్తుంటదట. గిది చెప్తే ఊర్ల గిరాకంత వానికే పోతదని దాసిండట. నేను ఘనపూర్ పోయి కొలిమి పెట్టేటోన్ని గద, నాకు చెప్పిండు. ముసలోడు మహా గడుసోడన్నా!"

ఆ ముందటివాణ్ణి నేనేనని చెప్పలేదు. కత్తి బాగుందని మాత్రం చెప్పి తిరిగిచ్చాను. అతను దానితోనే జామకాయ కోసి సగం నాకు పెట్టాడు.

ఇప్పుడు నా కత్తులు విరగడం లేదు. ఇదివరకు ప్రతి ఆదివారం సాక్ష్యంలో, దేవుడు చేసిన మేలుల్లో గురువు పేరే మొదట చెప్పేవాణ్ణి. ఇప్పుడు క్షమించవలసినవారి కోసం ప్రార్థించేటప్పుడు చెబుతున్నాను. పేరు పలకగలుగుతున్నాను. ఆ తర్వాత ఆమేన్ అనడం మాత్రం ఇంకా చేతకాలేదు.