సుందరమ్మ చేతి వెదురుమొలక ఆవకూర

భాద్రపద బహుళ చవితి, గురువారం. ఉదయం ఆరుంబావు. అన్నానికి బియ్యం కొలుస్తున్నాను. రెండో గ్లాసు పోసేసరికి సుందరమ్మ కోడలు రత్నం గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, మా అత్త ఎల్లిపోనాది" అని చెప్పి గడప మీద కూలబడింది. ఆ తరవాత నేను డబ్బాలోకి గ్లాసు ఎన్నిసార్లు ముంచానో తెలియదు. సాయంత్రం శ్మశానం నుంచి సుందరమ్మ ఇంటివారంతా తిరిగి వచ్చాక వంటింట్లోకి వెళ్ళి చూస్తే గిన్నె అంచుదాకా బియ్యం ఉన్నాయి. బస్తరు కొండల్లోని ఈ కిరండూల్‌లో ముప్పై ఆరేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. నా ఎరుకలో నేను ఘోరంగా లెక్క తప్పింది రెండుసార్లు. ఇది రెండోది. మొదటిది కూడా సుందరమ్మ విషయంలోనే. దాన్ని సరిదిద్దకుండా ఆమెకు నివాళి రాయడం నావల్ల కాదు.

ఈ రైలు లైను మీద పుట్టి పెరిగిన కొత్త తరం కోసం చెబుతున్నాను. సుందరమ్మ రైల్వే గ్యాంగ్‌మన్ అప్పారావు భార్య. పుట్టింది టెక్కలి పక్క పల్లెలో. పెళ్ళయిన మూడో నెలలో ఒక ట్రంకుపెట్టె, ఒక రోలు, ఒక బైబిలుతో ఈ కొండల మీదికి వచ్చింది. వయసెంతని ఎవరడిగినా అరవై అనేది. పదేళ్ళ పాటు అరవై అనే చెప్పింది. పెద్దకొడుకు వయసు, పెళ్ళికీ వాడికీ మధ్య గడిచిన ఏళ్ళు, పెళ్ళినాటి ఆమె వయసు కూడి, డెబ్బై రెండని నేను తేల్చాను. "మీ లెక్క మీకాడ ఉంచండి టీచరమ్మా, మోకాళ్ళకి తెలిస్తే మరి నెగవ్వు" అంది.

ఈ కాలనీలో శాకాహారం వండడంలో ఆమెను మించినవారిని నేను చూడలేదు. ఆమె శాకాహారి కాదు. చర్చి పద్ధతి ప్రకారం ఈస్టరుకు ముందు నలభై రోజులు మాంసం ముట్టేది కాదు. వీధిలో ఎవరింటా వండరు కనుక కార్తీకంలోనూ ముట్టేది కాదు. "పక్కింటోలు ఉపాసముంటే మనింట్లో సేప ఏపితే ఆలకి వాసన తగలదేటి?" అనేది. ఆ రెండూ కలిపితే ఏడాదికి డెబ్బై రోజులు. ఇంత తక్కువ రోజుల్లో అంత నేర్పు ఎలా వచ్చిందని ఒకసారి అడిగాను. "మా ఇంట్లో మాంసం మానీసినోలు ఎవులూ నేరమ్మా. మాంసమే మమ్మల్ని మానీసింది. ఏడాదిలో పది నెలలు ఆకూ దుంపా తప్ప ఇంకేటుందని?" అని నవ్వింది. లేమిలో నేర్చిన వంట అది. పెండలం తొక్క కూడా ఆమె చేతిలో పచ్చడి అయ్యేది. అంబటి ఆకుకూరలో చింతచిగురు ఎంత వేయాలో తూచినట్టు వేసేది. చిటికెడు, దోసెడు అనే మాటలు నాకు నచ్చవు. ఆమె వంట దగ్గర మాత్రం అవే సరైన కొలతలని ఒప్పుకున్నాను.

ఆమె సొంతంగా కనిపెట్టిన కూర ఒకటుంది. ఇక్కడివారు బాస్తా అని పిలిచే వెదురు మొలకలను వానాకాలంలో తరిగి కుండలో పులియబెడతారు. సుందరమ్మ సంతలో అవి కొని, మూడుసార్లు నీళ్ళు మార్చి, ఉడికించి, శనగలు కలిపి, పొయ్యి మీద నుంచి దించాక మన ఉత్తరాంధ్ర పద్ధతిలో ఆవ పెట్టేది. ఆవ పొయ్యి మీద పడితే చేదెక్కుతుంది కనుక దించాకే కలపాలి. బస్తరు అడవిదీ మన తీరానిదీ రుచి ఒక కుండలో కలిసిన కూర అది. దానితోనే నా తప్పు కూడా మొదలైంది.

పందొమ్మిదేళ్ళ కిందట, కార్తీక బహుళ పంచమి ఆదివారం, వాగు ఒడ్డున తెలుగువారి వనభోజనాలు. హిందువులు, క్రైస్తవులు అందరం కలిసే చేసుకునేవాళ్ళం. వంట బాధ్యత మొదటిసారి సుందరమ్మకు ఇచ్చారు. విస్తళ్ళు లెక్కపెట్టింది నేనే. నూట పన్నెండు. వాగు నీళ్ళు ఎర్రమట్టితో వంటకు పనికిరావు, నీళ్ళ ట్యాంకరు రాలేదు. రెండు పీపాల నీళ్ళతోనే అన్నీ కానివ్వాల్సి వచ్చింది. విస్తళ్ళలో అన్నం పడింది. సుందరమ్మ ఆవకూర కుండ మూత తీసింది. గుప్పున వాసన కొట్టింది. మా ఊళ్ళో రేవు పక్కన ఎండుచేపలు ఆరబెట్టే చోట కొట్టే వాసన. నేను పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనిదాన్ని. కానీ ఆ వాసన తెలియని ఉత్తరాంధ్ర మనిషి ఉండదు.

నేను లేచి నిలబడి, కార్తీకమాసం భోజనంలో ఎండుచేప వేశారని, ఎవరూ ఆ కూర వడ్డించుకోవద్దని అందరికీ వినబడేలా చెప్పాను.

"సేప కాదు టీచరమ్మా" అంది సుందరమ్మ. ఒక్కసారే అంది.

నా ముక్కు నాకు అబద్ధం చెప్పదన్నాను. తినే చేతులు ఆగాయి. ఎవరూ ఆమెను కసరలేదు, తిట్టలేదు. నేను దేన్నయినా రాసుకుని, సరిచూసుకుని మాట్లాడే మనిషినని ఊరికి నమ్మకం. ఆ నమ్మకమే ఆమెను కొట్టింది. ఆమె కుండ ఎత్తుకుని చెట్ల అవతల గ్యాంగ్‌మన్‌లు కూర్చున్న వైపు వెళ్ళింది. వాళ్ళు పన్నెండు మంది, కుండ ఖాళీ చేశారు. తిరిగి వచ్చి నా విస్తట్లో పెరుగన్నం వడ్డించి, "తినీయండి, ఎండెక్కుతాది" అంది. నేను తిన్నాను.

సరిగ్గా పన్నెండో రోజు, శుక్రవారం సంతలో ఆకుకూరలు ఎంచుతుంటే మళ్ళీ అదే వాసన. పక్కన కిష్టారం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దోర్ల తెగ మనిషి ముత్తమ్మ, మోదుగాకులో తెల్లటి తరుగు పోసి అమ్ముతోంది. ఎండుచేపలు ఆకుకూరల పక్కన పెట్టావేమని గదమాయించాను.

"ఏంది టీచరమ్మా, చేప ఏడుంది? ఇది బాస్తా. కుండల పులియబెట్టిన వెదురు మొలక. మూడుమాట్లు నీళ్ళు మార్చి కడగాలె. ఒక్కమాటే కడిగితే గిట్లనే వాసనొస్తది."

ఆ రోజున్నవి రెండు పీపాల నీళ్ళు. అన్నానికి, పప్పుకి, తాగడానికి ఎన్ని పోయాయో నేను సంత మధ్యలో నిలబడి కూడుకున్నాను. సుందరమ్మకు మిగిలింది ఒక్కసారి కడగడానికి సరిపోయే నీళ్ళు. ఆ సంగతి ఆమె ఆ రోజే చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు.

అటునుంచి అటే వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. తప్పు నాదని, క్షమించమని అడిగాను. ఆమె స్టూలు వేసి కూర్చోబెట్టి, మర్నాటికని నానబెట్టిన బాస్తా తీసి, నా ఎదుటే మూడోసారి నీళ్ళు మార్చి, వండి, ఆవ పెట్టి నా ముందుంచింది. ఇతరుల ఇంట భోజనం చేయనిదాన్ని ఆ పూట రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. పులుపు, ఆవఘాటు, లోపలెక్కడో లేత వెదురు తీపి. చేయి కడుక్కుంటుంటే సుందరమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ, "నాకు సెప్పీసినారు, బాగుంది. మరి ఆ నూట పన్నెండు మందికీ?" అంది.

వచ్చే కార్తీకంలో చెబుతానన్నాను.

ఆ తరవాత మా స్నేహం పెరిగింది. నా శాకాహారపు గర్వం కనిపెట్టి, దాని మొదలు వెతికించింది ఆమే. "ఎవులో ఒకులు ఒకనాడు మానీసుంటారు కదా. ఆలెవులో అడగండి, మీ పుస్తకంలో రాయండి" అంది. రెండేళ్ళు, ఆదివారం మధ్యాహ్నాలు, ఇద్దరం శాకాహారుల ఇళ్ళు నలభై ఒకటి తిరిగాం. ఆమె ఇక్కడి భాషలు హల్బీలోనూ గోండీలోనూ మాట కలిపేది, నేను రాసుకునేదాన్ని. ఒక ఇంట్లో మశూచికం సోకిన బిడ్డ కోసం వాళ్ళ ముత్తవ్వ మొక్కుకుంది. బిడ్డ బతికాడు, ఆ ఇంట మళ్ళీ కోడి ఉడకలేదు. గీదం దారిలో ఒక గోండు కుటుంబంలో తాత భగత్‌ల దీక్ష తీసుకుని, మెడలో పూసల కంఠి కట్టుకుని మాంసం, కల్లు మానేశాడు. అన్న ఆ నియమంలో ఉన్నాడు, తమ్ముడు లేడు. ఇంట్లో పొయ్యిలు రెండు, ఉప్పుకుండ ఒక్కటే. బయటికి వచ్చాక సుందరమ్మ ఆ ఉప్పుకుండను తలచుకుని, "ఇలాగుండాల" అంది.

మా ఇంటి సంగతి కూడా వదలనివ్వలేదు. మాది అనాదిగా శాకాహారమని చెప్పేదాన్ని. బొబ్బిలిలో మా పెద్దత్తయ్యకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. మా తాతమ్మ మంత్రోపదేశం పొందినప్పుడు మానేసిందట. అంతకు ముందు ఆవిడ చేపల పులుసు వండితే వీధంతా తెలిసేదట. అనాది అనుకున్నది లెక్క చూస్తే మూడు తరాలు. ఉత్తరం చదివి వినిపించాను. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అదీ టీచరమ్మా, ఆ వాసన మీకంత బాగా ఎలగ తెలిసిందేటో అనుకున్నాను" అంది. ఆ రోజు నేను కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

కానీ వనభోజనాల్లో ఆమె మళ్ళీ గరిటె పట్టలేదు. ప్రతి ఏడూ వచ్చేది, కత్తిపీట ముందు కూర్చుని కూరలన్నీ తరిగేది, విస్తళ్ళు కడిగేది, పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళేది కాదు. పిలిచిన వారితో, "టీచరమ్మ సెప్పిన రోజు ఒండుతాను" అనేది. అది వేళాకోళమని వాళ్ళు నవ్వేవారు. నాకు తెలుసు. మొదటి ఏడు నాకు జ్వరం. రెండో ఏడు వాన. మూడో ఏడు పెద్ద అధికారి ఎవరో భోజనానికి వచ్చారు, ఆయన ముందు ఎందుకని ఊరుకున్నాను. ఆ తరవాతి కారణాలు కూడా నా దగ్గర రాసి ఉన్నాయి. చదివితే ఒక్కటీ కారణంలా లేదు. నిజమేమిటంటే, నేను తప్పు చెప్పనని అనుకునే ఊరి ముందు తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

శ్రావణంలో ఆమె మంచం పట్టింది. చివరిసారి చూడబోయినప్పుడు చెంచాతో జావ పట్టాను. ఈ కార్తీకంలో తప్పకుండా చెబుతాను, నువ్వు వండాలి అన్నాను. "నాను నేకపోతే మీరే ఒండండి. ఆవ దించినాకే కలపండి, మరవకండి" అంది. కూర గురించి తప్ప మరి దేని గురించీ మాట్లాడలేదు.

ఆమె స్థానంలో నిలవగలిగినవారు ఈ లైను మీద లేరు. వండేవారుండవచ్చు. పక్కింటివారి ఉపవాసం తన ఉపవాసంగా ఉన్న మనిషి, తన మీద పడ్డ నింద నింద వేసినవారే దించాలని పందొమ్మిదేళ్ళు కత్తిపీట ముందు ఓపికగా కూర్చున్న మనిషి మళ్ళీ రాదు. ఆమె ఓపికను నేను మంచితనమనుకుని నిశ్చింతగా బతికాను. అది నాకిచ్చిన గడువని ఇప్పుడు అర్థమవుతోంది.

మన పత్రిక ఈ సంచిక వనభోజనాల రోజున మీ చేతికి వస్తుంది. విస్తళ్ళు పరిచాక, అన్నం వడ్డించే ముందు, ఈ వ్యాసాన్ని నేనే నిలబడి చదువుతాను. ఆనాటి నూట పన్నెండు మందిలో ఇప్పుడీ ఊళ్ళో ఉన్నది ముప్పై నలుగురు. పేర్లు రాసుకున్నాను, ఒక్కొక్కరినీ పిలుస్తాను. విశాఖకో విజయనగరానికో వెళ్ళిపోయినవారు దీన్ని అక్కడే చదువుకోవాలని నా మనవి. కూర నేనే వండుతాను, ముత్తమ్మ దగ్గర బాస్తా తెచ్చి కడుగుతాను. మూడుసార్లు నీళ్ళు మారుస్తాను. ఆవ నూరి పక్కన పెట్టుకుంటాను, దించాకే కలుపుతాను. ఆమె చేతి రుచి మాత్రం రాదు.

ఆ ఆదివారం ఆ కుండలో ఉన్నవి వెదురు మొలకలు, శనగలు, ఉప్పు, పసుపు, ఆవ. చేప లేదు.