పశువులకు వాడే మాట

సుమేరా, వయస్సు ఇరవై ఏడు; నేను ఆమెను నాలుగేళ్ళుగా ఎరుగుదును. కొత్తవాడ మగ్గాల దర్రీ తివాచీలను స్పెయిన్‌కు పంపే దుకాణంలో ఆమె స్పానిష్ ఉత్తరాలు వ్రాసేది. దస్త్రానికి నకళ్ళు వ్రాసేవాడను నేను. ఏడాది తొక్కిన దర్రీలకు బదులు కొత్తవి పంపమన్న కొనుగోలుదారుకు, ఆ కోరిక ‘ఇర్రాసొనాబ్లే’, అంటే సమంజసం కాదని ఆమె వ్రాసింది. యజమాని సారంగపాణికి అది చప్పగా తోచింది.

“జర ఘాటుగ రాయి బిడ్డా. ఆయననే ‘ఇర్రాసియొనాల్’ అను.”

“వద్దు సార్, అది తెలివిలేని పశువులకు వాడుతరు.”

“నాకే నేర్పుతానవా? ఫోన్ల రెండిటికీ ఒక్కటే అర్థమున్నది.”

ఫోను చదివిన ఆ పండితుడు స్వహస్తాలతో మాట మార్చి పంపాడు. కొనుగోలుదారు తెగతెంపులు చేసుకోగానే, తప్పు ఆమెదేనని ఉద్యోగం నుండి తొలగించాడు. తన అజ్ఞానానికి కూడా జీతగత్తెనే బాధ్యురాలిని చేయగల ఘనుడు ఆయన.

ఆమె వ్రాసిన మూలప్రతి నకలును జతపరచాను. వర్తక సంఘాధ్యక్షులు దానిని పరిశీలించి, ఆమెను తిరిగి ఉద్యోగంలో నియమింపజేయవలసినదిగా కోరుచున్నాను.