అడిగి తినని మా చిట్టి

చిట్టీ, నువ్వు లేవని రాయడానికి చెయ్యి రావడం లేదమ్మా.

మా అమ్మాయి పోయిన గురువారం జ్వరంతో ఆస్పత్రిలో చనిపోయింది. పెళ్లీడు పిల్ల. భవానీపురంలో ఒక అంగన్‌వాడీలో ఆయాగా చేసేది. అక్కడి తల్లులు దాని గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది, తప్పులుంటే మన్నించండి.

అది పుట్టినప్పుడు మేము హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. నేను నాట్లకీ కలుపులకీ వెళ్లేదాన్ని. పొద్దున్నే ఇంత గంజి పట్టి, గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉండేది. ఏడవదు, అడగదు. నీ పిల్లంత బుద్ధిమంతురాలు ఎక్కడా లేదే అని తోటి కూలీలు అంటుంటే నాకు గొప్పగా ఉండేది. మూడో ఏడు వచ్చినా మాట రాలేదు. గోడ పట్టుకుని నడిచేది. మా ఆయనకీ అన్నీ ఆలస్యంగానే వచ్చాయని మా అత్త చెప్పేది.

ఒకరోజు ఊళ్లో అంగన్‌వాడీ నడిపే టీచరమ్మ గట్టు దగ్గరికే వచ్చి దాన్ని ఎత్తుకుంది.

“ఇది బుద్ధి కాదమ్మా. దీనికి ఏడవడానికి ఓపిక లేదు.”

కడుపు మాడీ మాడీ ఆకలి చచ్చిపోయిందంది. కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టమంది. ముద్ద పెడుతూ కబుర్లు కూడా చెప్పాలంది, లేకపోతే మాటలెలా వస్తాయని అడిగింది.

“మా కడుపులే నిండవు, ఇంక కబుర్లెక్కడివండీ?” అన్నాను.

“కబుర్లేమన్నా కొట్లో కొనాలా?” అంది.

ఆవిడే దాన్ని రోజూ తీసుకెళ్లేది. మొదట్లో ఉప్మా నోట్లో పెడితే నమలడం కూడా మర్చిపోయేదట. కొన్ని నెలలు పోయాక, నేను పొలం నుంచి వచ్చి ఇంత అన్నం కలిపి పెడితే తినేసి, నా కొంగు లాగి “ఇంకా” అంది. అదే దాని మొదటి మాట. అమ్మ అని కూడా అనలేదు అప్పటికి. కుండలో ఏమీ లేదు. పక్కింటికెళ్లి చెయ్యి చాచి అడిగి తెచ్చాను. సిగ్గనిపించలేదు.

నడక వచ్చింది, మాట వచ్చింది. కానీ ఎత్తు రాలేదు. బళ్లో ఎప్పుడూ ముందు వరసే. లెక్కలు ఎంత చెప్పినా ఎక్కేవి కావు, బాధపడేది. భవానీపురం వచ్చి ఆయా పనిలో చేరాక మాత్రం దాని ముఖం చూడాలి. ఏడ్చే పిల్లల్ని చూసి, వీళ్లకి ఓపికుందని నవ్వేది. మూల నెమ్మదిగా కూర్చున్న పిల్లని ముందు ఒళ్లోకి తీసుకునేది. ఏ తల్లైనా పిల్లకిచ్చిన గుడ్డు ఇంటికి తీసుకెళ్తానంటే ఒప్పుకునేది కాదు.

“ఇంటికెళితే అది మీ మామయ్యగారి కంచంలోకి పోద్ది పిన్నీ. ఇక్కడే తినిపించు.”

తను మాత్రం నేను పెడితేనే తినేది. చిన్నప్పుడు ఒంట్లో చేరాల్సిన బలం చేరలేదనీ, అందుకే జ్వరానికి తట్టుకోలేకపోయిందనీ డాక్టరుగారన్నారు.

ఆయన ముందే పోయారు. మేమిద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నా ఒక్కదానికి ఎంత వండుకోవాలో తెలియడం లేదు. వండి మూత పెట్టేస్తున్నాను, మధ్యాహ్నానికి చల్లారి గట్టిపడిపోతోంది. దాని దగ్గర తిన్న పిల్లలు వెళ్తూ వెళ్తూ మా గుమ్మం ముందు ఆగి, లోపలికి తొంగి చూసి పోతున్నారు.

మీరు మాత్రం వేళకి కడుపునిండా అన్నం తినండి.