పల్లేరుకాయల కషాయం, గీతల జగ్గు

మా ఇంట్లో కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి ఉండేది. ఎండాకాలం మజ్జిగ కలిపేది దాంట్లోనే. ఇప్పుడు చెంబులో కలుపుతున్నాను.

మా ఆయనకు కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండేది. ఒంట్లో నీరు చేరిందని, అది మూత్రంలో పోవడానికి డాక్టరు మాత్ర రాశాడు. పల్లేరుకాయలు ఉండగా మాత్ర ఎందుకన్నాను. మా అత్త కార్వాన్ బస్తీలోని ఇదే ఇంట్లో అందరికీ ఆ కషాయమే పోసేది. పత్తర్‌గట్టి వైపు మూలికల దుకాణంలో కాయలు తెచ్చి, దంచి, జీలకర్ర వేసి మరిగించాను.

ఫార్మసీ చదివే మనవరాలు ఊరుకోలేదు.

"నానమ్మా, ఊకె నమ్ముడు కాదు, కొలువాలె. మా కాలేజీల ఎలుకలకు మందు తాపి, కింద గిన్నె పెట్టి ఎంత పోసినయో చూస్తం. ముందుగాల వట్టి నీళ్లు తాపి కొలువు, తర్వాత కషాయం తాపి కొలువు. వారంల వాపు దిగకపోతే మాత్రనే."

"మీ తాత ఎలుకనా?"

"ఎలుకలే నయం. తాపితే తాగుతయి."

ఉచ్చ కొలవడానికి కొత్త గిన్నె కొంటామా? మజ్జిగ జగ్గునే బాత్‌రూములో పెట్టాను. రోజూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, వంగి గీత చూడాలి. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా చేతులు నావి కానట్టే ఉండేవి. అన్నంలో పచ్చగా పప్పు కనబడితే ముద్ద దిగేది కాదు.

వట్టి నీళ్లు తాగిన రోజు కింది గీత కూడా దాటలేదు. కషాయం మొదలుపెట్టాక పై గీత దాకా ఎక్కింది.

"చూసినవా మా అత్త మందు!" అన్నాను.

అయినా కాళ్లు దిగలేదు. చెప్పుల్లో పాదం పట్టడం లేదు. నొక్కితే అదే గుంట.

"గన్ని నీళ్లు పోతే వాపు దిగాలె గద?" అంది మనవరాలు, తాత కాలు పట్టుకొని చూస్తూ.

ఆ మాట బుర్రలో తిరుగుతుంటే మరునాడు జగ్గు దగ్గర ఊపిరి బిగబట్టడం మరిచాను. జీలకర్ర వాసన! కన్నపిల్లల గుడ్డల దగ్గర కూడా చేయని పని చేశాను, ముక్కు దగ్గరగా పెట్టి మళ్లీ చూశాను. అడుగున కాయల నలుసు, పక్కనే జీలకర్ర గింజ.

"ఏందయ్యా, నీ కడుపులకెళ్లి జీలకర్ర వస్తున్నదా?"

ఆయన గోడవైపు తిరిగాడు. "గా చేదు నాతోని కాలే. మోరిల పోస్తే నీకు కనబడుతదని అండ్లనే పోసిన. గీత ఎక్కిందని నువ్వు మస్తు ఖుషీ అయితివి, ఇగ ఎట్ల చెప్పాలె?"

ఇన్నాళ్లు నేను వంగి వంగి కొలిచింది నా కషాయాన్నే. అదీ అందులో కలిసి! మనవరాలు గడప మీద కూలబడి నవ్వింది.

"మందు పనిచేస్తదో లేదో ఇంకా తెల్వదు నానమ్మా. తాత తాగనే లేదు. మళ్ల మొదలుపెడుదామా?"

జగ్గును చూశాను. ఆ ఉబ్బిన కాళ్లను చూశాను.

"నీ ఎలుకలకు పోసుకో పో. గా మాత్ర పట్కరా."

జగ్గు చెత్తబండిలో పడింది. పగలని వస్తువు పారేయడం నాకు అదే మొదలు. ఆయన మాత్ర మింగాడు.

"నోరు తెరువు," అన్నాను.

పాన్ మరకల పళ్లు, పాచి, కుళ్లు వాసన. కొంగు ముక్కుకు పెట్టుకొని, నాలుక కింద కూడా చూశాను.